ఆ రాత్రి చంద్రుడెక్కడున్నడు

నా కథ కొత్తగ ఇంటున్నోళ్ళ కోసం జర ఎనకకు పోయి వస్త. పాతోళ్ళు ఓపిక పట్టుండ్రి, మీరూ సగం మర్శిపోయే ఉంటరు.

నా పేరు మంగ. సూరత్ సలాబత్‌పురాల ఒక పాత చాల్, వరుసగ ఒంటి అర్రలుండే బిల్డింగు, అందుల మేడ మీది అర్ర, ఈడ ఖోలీ అంటరు, అదే నా కాపురం. మా ఆయన పరుశురాం కార్ఖానాల సాంచలు, అదే కరెంటు మగ్గాలు, నడిపెటోడు, రాత్రి షిఫ్టు. నేను ఇంట్ల కూసుండి చీరలకు రాళ్ళు అంటించేదాన్ని. మొన్న ఎండకాలం నేనూ నా బిడ్డ ప్రణీతా మా చెల్లె కొడుకు పెండ్లికని జగిత్యాల దిక్కు పోయినం. మేము ఆడ ఉండంగనె ఈడ ఆయన పాణం పోయింది. ఛాతిల నొప్పని షిఫ్టు మధ్యల ఇడిసిపెట్టి, నడుసుకుంట ఇంటికొచ్చి, ఖోలీల పండుకొని, తెల్లారగట్ల అయిదింటికి కన్ను మూసిండని మా బావ ఆగయ్య ఫోన్‌ల చెప్పిండు. మా ఆయనకు సొంత అన్న, అదే కార్ఖానాల మాస్టరు. సాంచ ఆగిపోతే బాగు చేసుడు, పనోళ్ళను సూసుకునుడు ఆయన పని.

ఊళ్ళె పంతులుకు టైము చెప్పింది కూడ ఆయనే. పంతులు పంచాంగం తిప్పి ధనిష్ఠ అన్నడు. ధనిష్ఠల పోతే ఏం జేయాల్నో మన దిక్కోళ్ళకు నేను చెప్పాల్నా. పాణం పోయిన ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలె. దీపం పెట్టొద్దు, పొయ్యి ముట్టియ్యొద్దు, గడప దాటొద్దు. దాటితే ఇంకొకల్లను తీస్కపోతదంటరు. మా బావ ఖాడీ వాగు ఒడ్డుకు పోయి తుమ్మకొమ్మ కొట్టుకొచ్చి తలుపుకు అడ్డం కట్టిండు. తాళమేసి తాళంచెవి ఆయన దగ్గరనే పెట్టుకున్నడు.

ఆరు నెలలు నేనూ నా పిల్లా సూరత్ అవతల కడోదరాల నర్సవ్వత్త ఇంట్ల మెట్ల కింద పండుకున్నం. చీరల మూటలు సలాబత్‌పురాల గడపగడపకు వస్తయి గని, కడోదరా దాంక మోసుకొచ్చి నాకు ఎవడిస్తడు? నా పని పోయింది. గడువు నిండినంక పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొని పోతే, మా తాళం పక్కన ఇంకో తాళం ఏలాడుతున్నది. కొత్తది, తళతళ మెరుస్తున్నది. పోయిన వారం కథ ఆడికే ఆగింది, మీరు నన్ను ఆ తలుపు ముందలనే నిలబెట్టి ఇడిసిన్రు.

ఆ తాళం ఓనరు సురేశ్ సేటుది. మాది పగడీ ఖోలీ, అంటే ఎప్పుడో మా మామ గంపగుత్తగ పైకం కట్టి తీస్కున్నది. నెలనెలా పేరుకు ఇంత కిరాయి, మనం కాపురమున్నన్ని దినాలు మనదే. కాపురం లేకుంటే మనది గాదు. ఆరు నెలలు తాళం పడి ఉన్నదంటే మీకు అక్కర లేదన్నట్టే గద, పగడీ పోయిందన్నడు సేటు. నేను ధనిష్ఠ సంగతి చెప్పిన. ఆయన నవ్విండు. వాళ్ళల్ల కూడ ఆ సుక్కలల్ల పోతే దోషమేనట, కాకపోతే దర్భతోని బొమ్మలు చేసి శవంతోని కలిపి కాలుస్తరట, అయిపాయె. ఇల్లు మూసుకొని పోవుడు ఏంది, మీ తెలుగోళ్ళకు పిచ్చా అన్నడు. నా నోరు మంచిది గాదని మా చాల్ మొత్తం ఎర్క. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్న, ఎందుకంటే ఆఖరుకు ఒక్క మాట అన్నడు. పగడీ ఆగయ్యభాయ్ పేరు మీద నడుస్తున్నది, ఆయనొచ్చి ఖోలీ మాకు కావాలె అని నా ముందల నిలవడి చెప్తే ఇడిసిపెడుత, రేపు సాయంత్రం దాంక సూస్త, ఎల్లుండి కెల్లి చాల్ కూలగొట్టుడే అన్నడు.

ఇగ బావ కోసం తిరిగిన. కార్ఖానాకు పోతే లోపల లేడన్నరు. ఇంటికి పోతే ఆయన పెండ్లాం, మా యారాలు, బయిటికి పోయిండన్నది, ఆయన చెప్పులు వాకిట్లనే ఉన్నయి. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగుతది. ఆరు నెలల కెల్లి ఆ మనిషి నాకు ముఖం చాటేస్తనే ఉన్నడు. తమ్ముని పెండ్లాం బొట్టు లేని మొఖం సూడలేక అనుకున్న నేను. ఎంత ఎర్రిదాన్నో సూడుండ్రి.

అప్పుడు ప్రణీత అన్నది, పెద్దబాపు సాయంత్రం ఆల్థాన్‌కు వస్తడు, నేను రమ్మన్న అని. నాకు మూడు తిప్పలు తిరిగినా దొరకని మనిషి దీనికి ఎట్ల మాటిచ్చిండో నాకు సమజ్ కాలే. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన పిల్ల అదొక్కతే, దాని మాట కాదనడు, అందుకే కావచ్చనుకున్న.

ఆల్థాన్ మా దిక్కోళ్ళు ఉండే జాగ కాదు. అంత అద్దాల బిల్డింగులు, సాయంత్రం కుక్కలను తిప్పెటోళ్ళు. ఆడి గార్డెన్‌ల నెలకోసారి సుక్కలు సూపెట్టెటోళ్ళు కూడుతరు. పైస తీస్కోరు. ఒకాయన పండ్లు పీకె డాక్టరు, ఒకామె బ్యాంకుల చేస్తది, ఇంకొకాయన వజ్రాలు సానబట్టిస్తడు. పొద్దుగూకంగనె ఎవరి దుర్బీన్ వాళ్ళు పసిపిల్లను ఎత్తుకున్నట్టు కారులకెల్లి దించుకొని, మూడు కాళ్ళ మీద నిలబెట్టి, దారిన పోయెటోళ్ళను పిలిచి మరీ సూపెడుతరు. మా ప్రణీత వాళ్ళల్ల కలిసి రెండేండ్లు. వాళ్ళ బాపు ఉన్నప్పుడు అడిగెటోడు, ఏం కనవడ్డది బిడ్డా ఇయ్యాల అని. నేను మాత్రం ఏం లాభం అని అడిగేదాన్ని. అది మూతి ముడుసుకునేది.

మేము పోయేసరికే లైను వంకర తిరిగి గేటు దాంక వచ్చింది. పైన సగానికి జర తక్కువ చంద్రుడున్నడు. పండ్ల డాక్టరు కిశోర్‌ది గుంటూరు దిక్కు, మాటకు ముందొక అండీ, ఎనకొక అండీ. గొట్టం పట్టుకోవద్దండీ, కన్ను మాత్రమే పెట్టండీ అని తెలుగుల, హిందీల, గుజరాతీల మొత్తుకుంటనే ఉన్నడు. అయినా వచ్చినోళ్ళంత ముందు గొట్టమే పట్టుకుంటరు, చంద్రుడు పక్కకు జారుతడు, నా బిడ్డ మళ్ళ తిప్పి పెడుతది. ఒకామె చున్నీ నెత్తిన కప్పుకొని దుర్బీన్‌కు దండం పెట్టి మరీ సూసింది. ఇంకొక పెద్దమనిషి ఆడ పాతిన జెండా కనవడతదా అని అడిగి, కనవడదంటే అలిగి పోయిండు. నాకు నవ్వొచ్చింది. ఆరు నెలలైనంక నవ్విన, నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

నాకు చంద్రుని సూడబుద్ధి కాలే. ధనిష్ఠ యాడుంటదో సూపెట్టు బిడ్డా అన్న. ప్రణీత నా దిక్కు ఒక తీరుగ సూసింది. ఎందుకమ్మా అన్నది. నా ఇల్లు మూసిన మొఖం ఎట్లుంటదో సూస్త అన్న.

అది నన్ను గోడ పక్కకు తీస్కపోయి, రెండు కండ్ల దుర్బీన్ నా చేతుల పెట్టి, ఎనకకెల్లి నా తల పట్టుకొని నెత్తి మీదికి తిప్పింది. మొదాలు అంత మసక. తర్వాత దొరికింది. నాలుగు చిన్న సుక్కలు, కింద తోకలెక్క ఇంకొకటి. ఉత్తరాయణం నాడు పిల్లలు ఎగరేసే పతంగి ఉంటది సూడుండ్రి, గట్లనే ఉన్నది. దుర్బీన్ దించి ఊరికె సూస్తే ఆడ ఏం లేదు. సూరత్ లైట్లకు అయి కండ్లకు ఆనయట. ఓసి నీ పాడుగాను, కండ్లకు కనవడనిదానివి నన్ను మెట్ల కింద పండుకోబెట్టినవా అని మనసుల తిట్టిన. బయిటికి కూడ అన్ననేమో, పక్కన ఉన్న గుజరాతీ పోరి దూరం జరిగింది.

ప్రణీత చెప్పింది, అమ్మా ఆ సుక్కలు ఏం జేయయి, అయి రోడ్డు పక్కన రాళ్ళసొంటియి, చంద్రుడు నడుసుకుంట పోతుంటే యాడి దాంక వచ్చిండో చెప్పనీకి పెద్దలు పెట్టుకున్న గుర్తులు అని. పంతులు సూసేది కూడ చంద్రుడు ఆ గంటకు ఏ గుర్తు దగ్గరున్నడనే. ఇయ్యాల మళ్ళ ధనిష్ఠలనే ఉన్నడు అన్నది. మరి ఆ రాత్రి అని నేను అడగబోయిన. అది గేటు దిక్కు సూసి, పెద్దబాపు వచ్చిండు అన్నది.

బావ మనిషి సగమైండు. గీతల అంగి భుజాల మీద ఏలాడుతున్నది. నన్ను సూడంగనె ఆగిపోయిండు, నేను ఉంటనని ఆయనకు ఎర్క లేదు. ప్రణీత ఎదురుపోయి రెక్క పట్టుకొని తెచ్చింది. తిన్నవా మంగా అన్నడు. తిన్న బావా అన్న. తర్వాత ఇద్దరం లైను సూసుకుంట నిలవడ్డం.

నయానే అడిగిన. నా నోటికి చేతనైనంత మెత్తగ అడిగిన. రేపు ఒక్కసారి సేటు దగ్గరికి రా, ఖోలీ మాకు కావాలె అను, అంతే, ఇంకో మాట అక్కర లేదు, మిగిలింది నేను సూసుకుంట అన్న. పని మళ్ళ మొదలు పెట్టుకుంట, పిల్ల సదువు ఆగొద్దు, నీ తమ్ముడు ఉన్న జాగ అది అన్న. ఆయన సూద్దాం అన్నడు. మా బావ సూద్దాం అన్నడంటే అది కాదనుడే, మా ఇంట్ల పసిపిల్లకు కూడ ఎర్క. నేను మళ్ళ అడిగిన. ఆయన నేల దిక్కు సూసుకుంట ఆ ఖోలీ వద్దు మంగా అన్నడు. అది మనకు అచ్చిరాలే, ఇడిసిపెట్టు, కూలగొడితే కూలగొట్టనీ అన్నడు.

నాకు ఒళ్ళు మండింది. అచ్చిరాంది ఏంది, మీ అయ్య రక్తం ధారవోసి సంపాయించిన ఖోలీ, నువ్వు పెండ్లి కూడ ఆండ్లనే చేసుకుంటివి, నీకు ఫ్లాటున్నది కాబట్టి నీకు అచ్చిరాలే, నేను యాడికి పోవాలె అని అందుకున్న. లైనుల ఉన్నోళ్ళు తలలు తిప్పిన్రు. అప్పుడే ప్రణీత పిలిచింది, పెద్దబాపు, మీ నంబరొచ్చింది, ఆవో అని. బతికిపోయిన అన్నట్టు ఆయన ఆ దుర్బీన్ దిక్కు ఉరికిండు.

ఒక కన్ను మూసి వంగిండు. గొట్టం పట్టుకోలే. సాంచల నడుమ బతికిన మనిషి, యంత్రాన్ని ఎట్ల ముట్టుకోవద్దో ఆయనకు చెప్పేదేం లేదు. శానసేపు సూసిండు. ఎట్లున్నడు పెద్దబాపు అని ప్రణీత మెల్లగ అడిగింది. కన్ను తీయకుంటనే మాట్లాడిండు. కన్ను ఆ గొట్టంల పెట్టినప్పుడు మనిషి పక్కన ఎవరున్నరో మర్శిపోతడేమో, తన లోపల తాను మాట్లాడుకున్నట్టె అన్నడు.

"గింత ఎలుగుంటదా బిడ్డా. ఆ రాత్రి గిండ్ల సగమున్నా బాగుండు. పరుశురాంను పట్టుకొని మెట్లెక్కుతుంటే కాలు యాడ పెడుతున్నమో కానరాకపాయె. చంద్రుడే లేడు, అమాస చీకటి."

నాకు ముందు ఆ మాటల తప్పు కనవడలే. తర్వాత తట్టింది. నడుసుకుంట వచ్చిండన్నరు గద ఆయన. పట్టుకొని ఎక్కించిందెవరు? అదే అడిగిన. బావ తటుక్కున లేసిండు. అంటే రెక్క పట్టుకున్న, మెట్లు ఇరుకు గద అన్నడు. పట్టుకున్న అనలే బావా, పట్టుకొని ఎక్కినం అన్నవ్ అన్న.

ప్రణీత కదలలే. దాని గొంతు కూడ పెరగలే. ఏ టైముకు పెద్దబాపు అన్నది. షిఫ్టు మధ్యల ఇడిసి వచ్చినం, నాలుగు కావొస్తుండె అన్నడు. అది తల అడ్డంగ ఊపింది. ఆ రోజు సగం చంద్రుడు పెద్దబాపు, కరిగిపోయే దినాల సగం చంద్రుడు, అర్ధరాత్రి దాటినంకనే పైకి వస్తడు అన్నది. నాలుగింటికైతే బాగ పైకెక్కి ఉంటడు, మన మెట్ల మీద పైకప్పు లేదు, ఎన్నెల నేరుగ పడతది అన్నది. మబ్బుండె అన్నడు బావ. మబ్బు లేదు, నేను అన్ని సూసిన, ఆ రాత్రి సూరత్ వాతావరణం లెక్క కూడ అన్నది నా బిడ్డ. చంద్రుడు లేడంటే మీరు బాపును ఎక్కించింది అర్ధరాత్రి కాకముందే.

 పండ్ల డాక్టరు మా మొఖాలు సూసి లైనును పక్క దుర్బీన్ దిక్కు మళ్ళించిండు, రండి రండి శనిగ్రహం ఇటు అనుకుంట. మేము ముగ్గురం ఆడనే మిగిలినం, మధ్యల ఆ గొట్టం.

పట్టుకొని ఎక్కించిన్రంటే అప్పటికే పాణం లేదనుకున్న. అర్ధరాత్రి ముందల అయితే చంద్రుడు ధనిష్ఠకు ఇంక రాలేదా అని అడిగిన. రాలేదమ్మా, శ్రవణంల ఉన్నడన్నది ప్రణీత. శ్రవణం. శ్రవణంల పోతే దోషం లేదు. ఇల్లు మూసేది లేదు. తుమ్మకొమ్మ లేదు, తాళం లేదు. నిజం చెప్త, నా మొగుడు ఎట్ల పోయిండో అడగాలన్నది కూడ అప్పుడు నాకు తట్టలే. ఉత్తపుణ్యానికి ఆరు నెలలు మెట్ల కింద ఉన్ననే అన్న దుఃఖం ముందొచ్చింది. ఆ ఎనకనే ఒక ఆశ, సిగ్గులేని ఆశ. ఇల్లు కడిగేదే అక్కర లేదు, బావ అబద్ధం దొరికింది, రేపు సేటు ముందల వచ్చి నిలవడతడు, నిలవడక ఏం జేస్తడు అని.

అంగి పట్టుకొని అడిగిన. ఎందుకు దాచినవ్, ఎక్కడ పోయిండు నా మనిషి అని.

బావ ఆడ ఉన్న సిమెంటు దిమ్మె మీద కూలవడ్డడు. కొంచెం కొంచెం చెప్పిండు. షిఫ్టు మొదలైన కాసేపటికే అయిందట. మోటరు వైరు తొక్కు ఊడి ఉన్నదని మా ఆయన రెండు దినాల కెల్లి మొత్తుకుంటనే ఉన్నడట. బాగు చేయాల్సింది బావనే. తీరిక దొరకలే, సాంచ ఆపనీకి కార్ఖానా సేటు ఒప్పుకోలే. ఆ రాత్రి మా ఆయన చెయ్యి తగిలింది. ఎగిరి అవతల పడ్డడు. చచ్చినోని చేతికి గుడ్డ సుట్టి ఉంటే నేను అడిగిన, ఏంది బావా ఇది అని. పాత దెబ్బ అన్నడు అప్పుడు. ఆసుపత్రికి తీస్కపోతే యాడ పడ్డడు, ఎట్ల పడ్డడు అని అడుగుతరు, పోలీసు వస్తడు, కార్ఖానా మూస్తరు, తీగ బాగు చేయనోన్ని ముందు పట్టుకపోతరు అన్నడట ఆ కార్ఖానా సేటు. వాని ఖోలీకి తీస్కపో అన్నడట. ఆటోల ఏసుకొని వచ్చి, బావ ఒకదిక్కు, సేటు మనిషి ఒకదిక్కు పట్టి మెట్లెక్కించిన్రు.

నేను ఏడుస్తలేను. ఏడుపు రాలే. ఆ మనిషిని సూస్తుంటే చెప్పరాని రోత పుట్టింది. అంటే కార్ఖానాలనే పోయిండు, పీనుగను తెచ్చి నా ఇంట్ల పండుకోబెట్టి, తప్పుడు టైము చెప్పి, నా ఇంటికి మైలవెట్టి తాళమేసినవ్ అన్న. నీ అసొంటోడు పంతులుకు కూడ అబద్ధం చెప్తడా అన్న.

ఆ మాటకు ఆయన తలెత్తిండు. ఇన్ని మాటలు పడ్డ మనిషికి ఆ ఒక్క మాట తగిలింది. అది మాత్రం అననీయను అన్నట్టు సూసిండు.

"లేదు మంగా. నీకు అబద్ధం చెప్పిన, సర్టిఫికెట్ రాసిన డాక్టరుకు చెప్పిన, అందరికి చెప్పిన. పంతులుకు చెప్పలే. సుక్క తప్పు చెప్తే వంశానికి తగుల్తది. నేను చెప్పిన టైము నిజమే. అయిదింటికే పోయిండు. ఖోలీలనే పోయిండు."

 అర్ధరాత్రి కాకముందు తెచ్చిన్రు. అయిదింటికి పోయిండు. రెంటినీ పక్కపక్కన పెట్టి సూస్కున్న, మళ్ళ సూస్కున్న. సలాబత్‌పురాల మా గల్లీ దాటితే ఆసుపత్రి. నడిసిపోతే కూడ చాయ సల్లారకముందు చేరుకోవచ్చు.

"పాణముండెనా?" అన్న.

ఉండె అన్నట్టు తల ఊపిండు.

"మాట్లాడిండా?"

మాట్లాడిండన్నడు. నీళ్ళడిగిండు, తాగిపిచ్చిన అన్నడు. తేరుకుంటడనే అనుకున్న మంగా, పొద్దుగాలకు లేసి కూసుంటడు, ఎవరికి ఏం తెల్వకుంట అయిపోతది అనుకున్న అన్నడు. సేటు మనిషి కిందనే నిలవడ్డడట, ఎవరన్న సూస్తే బాగుండదని. మా ఆయన కాసేపటికి లేసి గోడ పట్టుకొని తలుపు దాంక వచ్చిండట. ఆసుపత్రికి పోత అన్నా, నన్ను పోనీ అన్నడట. ఎండకాలం, చాల్ల సగం మంది ఊళ్ళకు పోయిన్రు, పక్క ఖోలీలకు తాళాలు.

మరి నువ్వేం జేసినవ్ బావా అని అడిగిన.  ఆయన రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని ఆ చేతులనే సూస్కుంట చెప్పిండు.

"బయిటికెల్లి గొళ్ళెం పెట్టిన. మెట్ల మీద కూసున్న."

శనిగ్రహం సూసినోళ్ళు పక్కన చప్పట్లు కొడుతున్నరు. పిల్లలు ఒకల నొకలు నూకుకుంటున్నరు. నేను ఈ మనిషిని రేపు నా ఖోలీ ఇప్పియ్యమని బతిమాలుకోవాలని వచ్చిన. ఈయన తప్ప ఇంకొకలు సేటు ముందల నిలవడనీకి లేరు. నిలవడ్డా, ఆ గొళ్ళెం తీసి నేను ఇగ లోపలికి పోయేది ఎట్ల, ఆ తలుపు ఎనక చీరలు పరుసుకొని రాళ్ళు అంటించేది ఎట్ల. నా ఇల్లు ఆల్థాన్ గార్డెన్‌ల నిలవడ్డకాడనే కూలిపోయింది, సేటు గోడలకు ఎల్లుండి దాంక టైమున్నది. ధనిష్ఠ నిజమే, దోషం నిజమే, తుమ్మకొమ్మ కట్టింది కూడ రివాజు ప్రకారమే. తప్పు పట్టనీకి నాకు ఆ సుక్క కూడ మిగల్లే.

తలుపు కొట్టిండా అని అడిగిన. ఎందుకడిగిన్నో నాకు తెల్వదు. అడగకుంటే ఉండలేకపోయిన. కొంచెంసేపు కొట్టిండు, తర్వాత ఆగిపోయిండు అన్నడు. ఆగిపోయిండంటే పండుకున్నడనుకున్న, అప్పుడు లోపలికెల్లి మాటలు ఇనవడ్డయి అన్నడు. ఒక్కడే ఉన్నడు గద, ఎవరితోని మాటలు అన్న. ఫోన్ అన్నడు. తొందరల ఫోన్ వాని జేబులకెల్లి తీస్కోవుడు మర్శిపోయినం. ఎవరికో చేసుకుంటుండె. నేను తలుపు తీసి గుంజుకునే సరికి మాట ఆగిపోయింది.

ఎవరికి చేసిండు బావా?

 ఆయన తల తిప్పి ప్రణీత దిక్కు సూసిండు. పిల్ల పేరే ఉండె దాంట్ల, అది చెరిపేసిన అన్నడు. మీరు పెండ్లిల ఉన్నరు, వాడు ఉత్తగ అలో అలో అంటున్నడు, బాజాల సప్పుడుల ఎత్తలేదు కావచ్చనుకున్న, ఎత్తి ఉంటే ఈ పిల్ల ఇన్ని దినాలు ఊకుంటదా అన్నడు.

నేను నా బిడ్డను సూసిన. మబ్బు లేదు, నేను అన్ని సూసిన అన్నది గద ఇందాక. పెద్దబాపును పిలిచింది అదే. మొదాలు గొట్టంల కన్ను పెట్టిపిచ్చి, ఎట్లున్నడు అని అడిగింది అదే. వాళ్ళ బాపును కాలవెట్టి వచ్చిన రోజు కెల్లి నా ముందల ఒక్క కన్నీటి చుక్క ఇడవని పిల్ల, ఇప్పుడు రెండు చేతులతోని కండ్లు తుడుసుకున్నది.

"ఎత్తిన అమ్మా," అన్నది.